ఆ 20 మార్కులు ఎందుకు వదులుకోవాలి?

తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ఇంటర్ బై.పి.సి. చదివి నర్సింగ్ వైపు చూసే మన ఆడపిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని భౌతిక, రసాయన, జీవశాస్త్రాల కోచింగ్ గురించే అడుగుతారు. ఇంగ్లీషు ఊసెత్తరు. బి.ఎస్సీ. నర్సింగ్ ప్రవేశపరీక్షకు భారత నర్సింగ్ మండలి సూచించిన 100 మార్కులలో ఇంగ్లీషుకు 20, జీవశాస్త్రానికీ అంతే. 2007 నాటి బి.సి.-ఇ 4 శాతం రిజర్వేషనైనా అర్హత సాధించిన బిడ్డకే అక్కరకు వస్తుంది.

తడబాటు ఎక్కడ? మన పిల్లలకు ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. రెండింటిలోనూ క్రియ వాక్యం చివర నిలుస్తుంది. ‘ఎ’, ‘ది’ వంటి ఆర్టికల్స్ లేవు. ‘లో’ అన్నా ‘మేఁ’ అన్నా నామవాచకం తరువాతే. ఇంగ్లీషులో ఇదంతా తారుమారు. సూత్రాలు వల్లె వేయించడానికి ముందు ఈ తేడా చూపించాలి.

వ్యాకరణం పరీక్షతో ముగిసేది కాదు. ‘హ్యాజ్ బీన్ గివెన్’ అంటే మందు ఇచ్చారని. ‘ఈజ్ టు బీ గివెన్’ అంటే ఇవ్వవలసి ఉందని. రాత్రి డ్యూటీ నర్సు ఒకదానికి బదులు మరొకటి వ్రాస్తే రోగికి ఆ మందు రెండుసార్లు పడవచ్చు, అసలు పడకనూపోవచ్చు. అందుకే రోజూ ఐదు వాక్యాలు వ్రాయించి దిద్దేవారు కావాలి.

జల్సాలకు పందిళ్లు వేయగల మసీదు కమిటీలకు ఒక నల్లబల్ల భారమా? ఆదివారం రెండు గంటలు, ఆడపిల్లలు నిస్సంకోచంగా రాగల చోటు చూపండి. విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయులను, ఏ మతంవారైనా సరే, పిలవండి. తెనాలి నుంచి బాపట్లకూ రేపల్లెకూ రైళ్లున్నాయి. ఒక్కరే వారం మార్చి వారం వెళ్లిరాగలరు. వారి ఛార్జీలు కమిటీలే భరించాలి.