ఆ రికార్డు ధర ఎవరికొచ్చింది?

పోస్టు కాస్త పెద్దదే, కళ్లంలో పని చూసుకుని తీరిగ్గా చదవండి. కామెంట్లలో పార్టీల గొడవ మాత్రం పెట్టొద్దు.

నిన్న పొద్దున ఒకే వీడియో మూడు గ్రూపుల్లోంచి వచ్చింది నాకు. పైన ఎర్రటి అక్షరాలతో "గుంటూరు యార్డులో మిర్చి రికార్డు ధర", పక్కన నోట్ల కట్టల బొమ్మ. ఎనిమిది నిమిషాలు చూశాక తేలింది ఏందంటే, ఆ ధర పలికింది ఒక రైతు తెచ్చిన ఒక్క లాటుకి. తేజ డీలక్సు. వెతికినా తాలు కాయ లేదు, రంగు చెక్కుచెదర్లేదు. ఆ రైతుకి దండం పెడతా, కష్టపడి తెచ్చాడు. కానీ ఆ రోజు యార్డుకొచ్చిన మిగతా వేల టిక్కీలు ఎంతకి పోయినయ్యి? వీడియోలో లేదు. ఇవాళ పేపర్లోనూ లేదు.

నా మాట ఒకటే. మన వార్తల్లో ధర అంటే పైధర. ఎక్కువమంది చేతికొచ్చిన ధర ఎవరికీ వార్త కాదు. ఆ పైధర చూసి మనం అమ్మాలా, ఆగాలా అని తేల్చుకుంటున్నాం. అక్కడే మునుగుతున్నాం.

ఊరికే అనట్లేదు. 2024 ఎండాకాలంలో నా దగ్గర 40 టిక్కీలున్నయ్. క్వింటా 19 వేలకి అడిగారు. మా ఇంటావిడ అమ్మేద్దామంది. నేను ఫోన్ చూపించి, "ఇదిగో చూడు, దసరాకి 25 వేలు దాటుద్దంట" అన్నా. ఎవరన్నారు అని అడిగింది. ఆయన పేరు నాకూ తెలీదు, మైకు పట్టుకుని గట్టిగా చెప్పాడు కాబట్టి నమ్మా. సరే అని ఏసీలో పెట్టాం. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, కొత్త కాయ దిగింది. 2025 ఫిబ్రవరిలో 12 వేలకి వదిలించుకున్నా. టిక్కీ 45 కేజీల లెక్కన 18 క్వింటాళ్లు. క్వింటాకి 7 వేల చొప్పున 1,26,000 రూపాయలు గాల్లో కలిసింది. ఏసీ అద్దె, తెచ్చిన అప్పు మీద వడ్డీ వేరే. తప్పు నాదే, ఒప్పుకుంటా. ఆ మైకాయన మాత్రం అప్పటికి పసుపు రైతుకి బంగారు భవిష్యత్తు ఉందని చెప్పుకుంటా ఇంకో వీడియోలో ఉన్నాడు.

ఆ ఫిబ్రవరిదే ఇంకో సంగతి. 19వ తారీఖున జగన్ గారు మిర్చి యార్డుకొచ్చారు. ఇక చూడండి, ఏ టీవీ పెట్టినా మిర్చే. కానీ చర్చంతా వచ్చినాయన మీద, ఎన్నికల కోడ్ మీద, పెట్టిన కేసు మీద. ఆయన రావచ్చా రాకూడదా అన్నది ఇక్కడ నాకు అక్కర్లేదు. వెనకాల తెర మీద ఎర్రటి కాయ రాశులు చూపిస్తా గంటలకి గంటలు మాట్లాడారే, నేను చూసినంతలో ఒక్కరన్నా "ఇవాళ మీడియం కాయ ఎంతకి పోయింది" అని అడగలా. మన కాయ వాళ్లకి బొమ్మలాగా పనికొచ్చింది, అంతే.

తర్వాత మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించింది. అది మన ఫోన్లలోకి ఎట్టా వచ్చిందో గుర్తుందా? "11,781కి మిర్చి కొనుగోలు" అని. మా వీధిలో ఒక పెద్దాయన బస్తాలు ట్రాక్టరుకి ఎత్తించి, "ఏరా, యాడ కొంటున్నారంట?" అని నన్నడిగాడు. అసలది కొనే పథకం కాదు. మనం యార్డులో తక్కువకి అమ్ముకుంటే, ఆ ధరకీ 11,781కీ మధ్య తేడా చెల్లించే పథకం. అదీ 2.58 లక్షల టన్నుల వరకే. కొనడం వేరు, తేడా ఇవ్వడం వేరు. ఆ ఒక్క ముక్క రాయడానికి ఎంత చోటు పట్టుద్ది? అది తెలిస్తే రైతు చేసే పనే వేరుగా ఉంటది. పట్టీ జాగ్రత్తగా దాచుకుంటాడు, ఈ-పంటలో తన పేరుందో లేదో చూసుకుంటాడు. కొనుగోలు అని రాస్తే ట్రాక్టరు కట్టించుకుంటాడు, కిరాయి దండగ.

పత్తిదీ ఇదే వరస. నిరుడు 2025లో "మద్దతు ధర 8,110, కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు బుక్ చేసుకుంటే చాలు" అని ఒకటే హోరు. 8,110 అన్నది పొడుగు పింజకి, తేమ 8 శాతం లోపుంటే. పైన ఒక్కో శాతానికీ కోత, 12 దాటితే అసలు కొనరు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. చేలో విచ్చుకున్న పత్తి తడిసి ముద్దయితే, తేమ మిషను ముందు స్లాటు ఏం చేసుద్ది? యాప్ చెడ్డదని నేననట్లా. మిల్లు ముందు బండి కింద పడుకునే బదులు ఫోన్లో టైము తీసుకోవడం మేలే. కాకపోతే మా నాన్న చేతిలో ఉన్నది బొత్తాల ఫోను. ఓటీపీ ఏమో హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి పోద్ది. వాడు డ్యూటీలో ఉంటాడు.

పోనీ సరైన ధర ఎక్కడా దొరకదా అంటే, దొరుకుద్ది. కేంద్రం వాళ్ల అగ్‌మార్క్‌నెట్ సైటులో మార్కెట్ వారీగా మూడు ధరలు పెడతారు. కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. మోడల్ అంటే నమూనా కాయ ధర అనుకునేరు, నేనూ మొదట అట్టాగే అనుకున్నా. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర పోయిందో అది. మూడూ పక్కపక్కనే ఉంటయ్. కానీ హెడ్డింగులోకి ఎక్కేది మాత్రం పెద్దదొక్కటే.

తెలిసిన విలేకరి ఒకాయన్ని ఇదే అడిగా. "అన్నా, నేను మధ్య ధర రాసి పంపితే డెస్కులో తీసి పక్కనేస్తారు. అయినా మీరు నొక్కేది ఏ వీడియో? 'ధర పెరగదు, అమ్ముకోండి' అని పెడితే పదిమందన్నా చూస్తారా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. 2024లో అమ్ముకోమని చెప్పినోళ్లూ ఉన్నారు, నేనే పైకి తోసేశా.

అందుకని ఒక పని మొదలుపెడుతున్నా. మొన్న నేను అమ్మిన 22 టిక్కీల పట్టీ ఫొటో కింద పెట్టా. 6 బెస్టు, 12 మీడియం, 4 తాలు. ఏది ఎంతకి పోయిందో, కమీషను, హమాలీ, లారీ కిరాయి పోను చేతికెంతొచ్చిందో అన్నీ కనపడతయ్. మీరు కూడా అమ్మిన రోజే పెట్టండి. రకం, గ్రేడు, ఎన్ని టిక్కీలు, కోతలు పోను ఎంత. పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా కనపడకుండా వేలు అడ్డం పెట్టి తియ్యండి. ఒక ఊరి నుంచి పది పట్టీలొస్తే చాలు, ఆ రోజు యార్డులో మన కాయ సంగతేందో మనకి తెలుసుద్ది. తాలు ధర చూపించడానికి సిగ్గుపడొద్దు, నాది ముందే పెట్టేశా.

నిన్న ఆ వీడియో పంపినోళ్లలో ఇద్దరు పోయిన వారమే యార్డుకెళ్లొచ్చారు. ఎవరో నాకు తెలుసు. మీ పట్టీలు ముందు రావాలి.