షో మొదలెట్టడం తేలికే.. ఆపడంలోనే అసలు ప్రోగ్రామింగ్‌!

2025 జనవరిలో అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే కచేరీ రీల్స్‌ మీరూ చూసే ఉంటారు. స్టేడియం నిండా ప్రేక్షకుల చేతికున్న రిస్ట్‌బ్యాండ్లు పాటకు తగ్గట్టు రంగులు మార్చాయి. ఆ తర్వాత రెండు రోజులకే భువనేశ్వర్‌లో ప్రధాని ‘కాన్సర్ట్‌ ఎకానమీ’ గురించి మాట్లాడారు. అక్కణ్నుంచి చర్చంతా స్టేడియాలు, టికెట్ల మీదే. ఆ లైట్లను ఆడించేవాళ్ల ఊసే లేదు.

ఆ పని పేరు షో కంట్రోల్‌ ప్రోగ్రామింగ్‌. లైట్లు, ప్రొజెక్టర్లు, స్పీకర్లు, లేజర్లు, ఫౌంటెన్‌ పంపులు.. ఒక్కోదానికీ ఒక్కో భాష. వాటన్నిటినీ ఒకే గడియారం మీద నడపాలి. గోల్కొండ సౌండ్‌ అండ్‌ లైట్‌ షో లాంటి చోట్ల మీరు చూసేదీ ఈ కోవలోదే.

ఆ గడియారాన్ని టైమ్‌కోడ్‌ అంటారు. గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్‌.. ఇలా నడుస్తుంది. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేమ్‌ 40 మిల్లీసెకన్లు. ఇక్కడే కొత్తవాళ్లు దొరికిపోతారు. 29.97 ఫ్రేముల వీడియోకు 30 లెక్కన టైమ్‌కోడ్‌ పెట్టారనుకోండి. మొదటి నిమిషంలో ఏమీ తెలీదు. గంట తిరిగేసరికి 108 ఫ్రేములు, అంటే మూడున్నర సెకన్లకు పైగా తేడా వస్తుంది. తెర మీద కోట కూలిపోయి, దుమ్మూ సర్దుకున్నాక అప్పుడు ఫిరంగి పేలుతుంది!

భాష మారినా తిప్పలే. ఇంగ్లిష్‌లో పది సెకన్లలో చెప్పే వాక్యానికి తెలుగులో పన్నెండు పట్టొచ్చు. కాబట్టి లైట్ల క్యూలన్నీ మళ్లీ కూర్చోవాలి. ఆరుబయట అయితే దూరం కూడా లెక్కే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. వేదికకు వంద మీటర్ల అవతల కూర్చున్నవాళ్లకు మాట దాదాపు 0.3 సెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. వాళ్ల దగ్గర ఇంకో స్పీకర్‌ పెడితే, దాన్ని ఆ మేరకు కావాలనే ఆలస్యం చేయాలి. లేదంటే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

ఇవన్నీ ఓపికుంటే ఎవరైనా నేర్చుకునేవే. ప్రాణాల మీదకు వచ్చే సంగతి వేరే ఉంది. స్టేజీ లైట్లన్నీ మాట్లాడే భాష డీఎంఎక్స్‌512. అమెరికాలో 1986లో పుట్టింది. ఒక లైన్‌ మీద 512 ఛానళ్లు నడుస్తాయి. పంపిన సందేశం సరిగ్గా అందిందో లేదో సరిచూసుకునే ఏర్పాటు ఇందులో తప్పనిసరి కాదు. ఒక లైటు క్షణం మిణుకుమంటే ఎవరికీ నష్టం లేదు. అదే తీగ మీద బాణసంచానో, మనుషుల్ని పైకి లేపే మోటారునో పెడితే? ప్రమాదకరమైన వాటికి ఇది తగదని ఆ ప్రమాణంలోనే రాసి ఉంది. అలాంటి పరికరాలకు ఎమర్జెన్సీ స్టాప్‌ సాఫ్ట్‌వేర్‌లో బటన్‌లా ఉంటే చాలదు. ల్యాప్‌టాప్‌ హ్యాంగ్‌ అయినా కరెంటును తెగ్గొట్టేలా విడిగా వైరింగ్‌ ఉండాలి.

అందుకే నా లెక్కలో ఇది సీఎస్‌ఈ వాళ్లకన్నా ఈసీఈ, ట్రిపుల్‌ఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్‌ వాళ్లకు బాగా నప్పే పని. పీఎల్‌సీ ల్యాబ్‌ను రికార్డు రాయడానికి తప్ప పట్టించుకోని వాళ్లు ఇంకోసారి ఆలోచించండి. యానిమేషన్‌ చేసేవాళ్లు చాలామందే దొరుకుతారు. ‘మూడో ప్రొజెక్టర్‌ ఆన్‌ కాలేదు, ఇప్పుడు షో మొదలెట్టాలా వద్దా?’ అన్న ప్రశ్నకు ముందే జవాబు రాసిపెట్టేవాళ్లే తక్కువ. అయితే ఒక మాట. ఇది తొమ్మిదింటికి వెళ్లి ఆరింటికి వచ్చే ఉద్యోగం కాదు. ప్రొజెక్షన్‌ సరిచూడాలంటే చీకటి పడాలి, కాబట్టి పనంతా రాత్రుళ్లే. చాలావరకు ప్రాజెక్టుల లెక్కన దొరుకుతుంది. కాంట్రాక్టులో ప్రారంభోత్సవం వరకే డబ్బులున్నాయా, ఆ తర్వాత నిర్వహణకూ ఉన్నాయా అన్నది చేరేముందే అడగండి. వానకు తడిసి, దుమ్ముకు మూసుకుపోయే పరికరాలవి. రోజూ చూసుకునే మనిషి లేకపోతే ఎంత మంచి ప్రోగ్రామైనా మూలన పడుతుంది.

మొదలెట్టడానికి లక్షలు అక్కర్లేదు. క్యూఎల్‌సీ ప్లస్‌ ఉచితం, విండోస్‌లోనూ నడుస్తుంది. మ్యాక్‌ ఉంటే క్యూల్యాబ్‌కు ఉచిత వెర్షన్‌ ఉంది. ఒక యూఎస్‌బీ డీఎంఎక్స్‌ అడాప్టర్‌, రెండు ఎల్‌ఈడీ పార్‌ లైట్లు సంపాదించండి. ఒక పాటకు క్యూలు కూర్చండి. పాట మధ్యలో కేబుల్‌ పీకేసి, పది సెకన్లాగి మళ్లీ పెట్టండి. లైట్లు పాట ఉన్నచోటనే అందుకున్నాయా, మొదటికొచ్చాయా చూడండి. మొదటికొస్తే, అక్కణ్నుంచి మీ ప్రోగ్రామింగ్‌ మొదలెట్టొచ్చు.