హొసకోటకు ఒక గంట చాలదు



ఈ ఏటి యాత్రలో లేపాక్షితో పాటు వై.ఎన్.హొసకోటలో కూడా ఒక గంట ఆగి, మగ్గాలు చూసి, ఫోటోలు తీసుకుందామని కొందరు అంటున్నారు. ఊరు మంచిదే. కానీ ఆ ఒక గంట మీద మా అభ్యంతరం చెప్పుకుంటాం.

హొసకోట కర్ణాటకలో, పావగడ తాలూకాలో ఉంది. పక్కనే అనంతపురం సీమ. అక్కడ చాలా ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం. మనకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. వాళ్ళ కష్టసుఖాలు అడగడానికి మనకు దుబాసీ అక్కరలేదు. ఆ ఊరికి పేరు తెచ్చింది పట్టుచీరలు.

అంగడిలో మడతపెట్టిన చీర చూస్తే ధర ఒక్కటే కనిపిస్తుంది. మగ్గం దగ్గర కూర్చుంటే పని కనిపిస్తుంది. పడుగు పోగులు ఒక్కొక్కటీ అతకాలి, కండెలు చుట్టాలి, అంచుకు జకార్డు అట్టలు కట్టాలి. నేసేది ఒకరైనా ఇంటిల్లిపాదీ పని చేస్తారు. అది చూసినవారికి సగం ధరకు అడగడానికి నోరు రాదు.

మరమగ్గం చీర చవక కదా అంటారు. చవక కావాలంటే కొనండి, తప్పు లేదు. దాన్ని చేనేత అని చెప్పి అమ్మడమే తప్పు. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. 2006లో చేనేత గుర్తు వచ్చింది. సిల్క్ మార్క్ వేరు. అది పట్టు అసలుదని చెబుతుంది, చేత్తో నేశారని చెప్పదు. కొనేటప్పుడు రెండూ అడగండి.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటను చూడండి. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. గొప్ప గౌరవం. అయినా రాత్రంతా ఆట ఆడించుకునే ఊళ్ళు తగ్గిపోయి, బొమ్మలు చేసిన చేతులే ఇప్పుడు దీపాల తొడుగులు కూడా చేస్తున్నాయి. మెచ్చుకోలుతో పొయ్యి వెలగదు, పని ఇచ్చేవాళ్ళు కావాలి.

అందుకని మేము అడిగేది ఇది. తై, వైకాశి నెలల్లో పెళ్ళి పెట్టుకున్న ఇళ్ళవాళ్ళు రంగు, అంచు ముందే అనుకోండి. అరపూట హొసకోటలో ఉండి, నేసేవారితోనే మాట్లాడి, బయానా ఇచ్చి వద్దాం. అడగకుండా వీడియో తీయవద్దు. పిల్లలను తప్పక తీసుకురండి, తెలుగు మాట్లాడనివ్వండి.

ఒప్పుకున్నవారు ఎన్ని చీరలు, ఏ నెలకు కావాలో కింద రాయండి.