ఇంటిపేరు చూసి కారు కొనేవారికి

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో ఒక సూత్రం వేదవాక్యంలా చెలామణి అవుతోంది. కారంటే టొయోటా, కాకుంటే హోండా. ఫోర్డు మాత్రం కూడదు. కారణమడిగితే "ఫిక్స్ ఆర్ రిపేర్ డైలీ" అన్న అరిగిపోయిన పరిహాసమే సమాధానం. ఇది వివేకం కాదు, ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేసుకోవడం.

ఫోర్డును వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. 2011 నుంచి ఫియస్టాకు, 2012 నుంచి ఫోకస్‌కు అమర్చిన పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సు ఎందరిని ఏడిపించిందో జగద్విదితం. నూనెలో మునగని పొడి క్లచ్‌లు రెండు. నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో ఒకటే వణుకు. వ్యవహారం న్యాయస్థానానికెక్కి, 2020లో రాజీకి తుది ఆమోదం లభించింది.

అయితే ఆ రోజుల్లోనే ఫ్యూజన్‌కు అదే కంపెనీ పెట్టినది మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. దానికి ఈ రోగం లేదు. మళ్ళీ ఆ ఫ్యూజన్‌లోనే 1.5 లీటర్ల టర్బో ఇంజన్లు కొన్నింటిలో కూలెంటు సిలిండర్లలోకి చొరబడింది. టర్బో లేని 2.5 లీటర్ల ఇంజనుకు ఆ బెడద లేదు. ఇంటిపేరొకటే, జాతకాలు వేరు! మరి టొయోటా? 2007-2009 నాటి కామ్రీల 2.4 లీటర్ల ఇంజన్లు కొన్ని నూనె తాగుతుంటే ఆ సంస్థే వారంటీ పొడిగించవలసి వచ్చింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

కనుక అడగవలసిన ప్రశ్న "ఏ కంపెనీ?" అని కాదు. ఏ సంవత్సరం, ఏ ఇంజను, ఏ గేర్‌బాక్సు, ఎవరి చేతిలో పెరిగింది? ఎడ్జ్, ఎక్స్‌ప్లోరర్ బళ్ళలో అడ్డంగా అమర్చిన 3.5 లీటర్ల వి6 ఇంజనునే తీసుకోండి. అందులో నీళ్ళ పంపు ఇంజను లోపలే, టైమింగ్ చెయినుతో తిరుగుతుంది. అది కారితే కూలెంటు నూనెలో కలిసి ఇంజనుకే ముప్పు. పంపు ఖరీదు కన్నా దాన్ని చేరుకునే కూలి ఎక్కువ. కొనేముందు కూలెంటు మట్టం తగ్గిందా, నూనె పాలరంగుకు తిరిగిందా అని చూడనివాడు ఏ కంపెనీ కారు కొన్నా మోసపోతాడు.

ఇక రెండవ జాడ్యం: కొన్న తరువాత మాన్యువల్ తెరవకపోవడం. అందులో కఠిన పరిస్థితులకు ప్రత్యేకమైన సర్వీసు లెక్క ఉంటుంది. దగ్గరి ప్రయాణాలు, ఆగి ఆగి సాగే ట్రాఫిక్ కఠినమే. మనలో చాలామంది ఆ కోవకే చెందుతారు. పాటించేది మాత్రం తేలిక లెక్క. "బయట సర్వీసు చేయిస్తే వారంటీ పోతుంది" అనే బెదిరింపుకు లొంగనక్కరలేదు. కేవలం ఆ కారణంతో వారంటీ నిరాకరించడాన్ని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అంగీకరించదు. రశీదులు దాచుకుంటే చాలు.

ఈ మూఢత్వానికి మూల్యం చెల్లించేది నిన్నమొన్న దిగిన విద్యార్థి. రశీదులున్న ఫ్యూజన్‌ను మన మాట విని వదులుకొని, చరిత్ర తెలియని ముసలి కరోలాకు అప్పుచేసి ఎక్కువ పోస్తాడు. విభేదించే మిత్రులారా, తప్పక వాదించండి. కానీ సంవత్సరమూ ఇంజనూ చెప్పి వాదించండి, ఇంటిపేరు చెప్పి కాదు.