ఫొటోలో ఉన్నది ఎవరు?

బెంగళూరు చిక్కపేటలో ఏ పాత పట్టుచీరల దుకాణమైనా ఎక్కండి. గల్లాపెట్టె వెనక గోడ మీద, దండ వేసిన తాతగారి ఫొటో ఉంటుంది. తలపాగా, మెడదాకా గుండీలు పెట్టిన కోటు, పక్కన పూలకుండీ. కుండీ ఎలాగూ స్టూడియోవాళ్లదే. కోటు కూడా వాళ్లదే కావచ్చు, ఆ రోజుల్లో అది మామూలే. మనవలకు మాత్రం తాతగారంటే ఆ కోటే.

కెమెరా ముందు కూర్చున్నవాడు ఒక్కడు కాదు, నలుగురని ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ 1980లో అన్నాడు. నాకు ఐదోవాడూ కనిపిస్తాడు: ఆధార్ కార్డులోవాడు. వాణ్ణి ఇంట్లోవాళ్లే గుర్తుపట్టరు, బ్యాంకు మాత్రం వాణ్ణే నమ్ముతుంది.

బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్. ఈ చిక్కును తన ఒంటి మీదే వేసుకున్నారు. 2000-2004 మధ్య ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి చేసిన చిత్రమాలలో రవివర్మ నాయికా ఆమే, లక్ష్మీదేవీ ఆమే, పోలీసులకు చిక్కిన గొలుసు దొంగా ఆమే. గళ్ల తెర ముందు కొలతలకు నిలబడ్డ గిరిజన స్త్రీ కూడా ఆమే. 19వ శతాబ్దంలో తెల్లదొరలు అండమాన్ వాసులను అలాగే నిలబెట్టి ఫొటోలు తీశారు. ఇన్ని వేషాల్లో అసలు పుష్పమాల ఎవరని వెతకడం దండగ. ఆ వేషాలు ఎవరు కట్టించారో చూడాలి.

ఈ సంచికలో బెంగళూరు కరగ ఉత్సవం మీదా ఒక వ్యాసం ఉంది. చైత్ర పౌర్ణమి రాత్రి స్త్రీ వేషంలో పేట వీధులు తిరిగే పూజారి, భక్తులకు ద్రౌపదే. మరి జనం ఫోన్లలో పడింది ఎవరు? వ్యాసకర్త జవాబు నాకు నచ్చలేదు. మీరేమంటారో రాయండి.