ర్యామ్ తర్వాత, ముందు వేడి చూడండి

మే నెలలో చీపురుపల్లిలో డెస్క్‌టాప్ స్లో అయిందంటే మనవాళ్ల మొదటి సలహా ‘ర్యామ్ పెంచించు’. సీపీయూ డబ్బా బండి మీద పెట్టుకుని విజయనగరం పరుగు. నేనైతే ముందు టెంపరేచర్ చూడమంటాను. మరీ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ చిప్‌లకు ఆ హద్దు 100 డిగ్రీలు. అప్పటికీ తగ్గకపోతే సిస్టమ్ టక్కున ఆగిపోతుంది. ఇక ఎంత ర్యామ్ వేస్తే ఏం లాభం?

బయాస్‌లోకి వెళ్తే డిగ్రీలు కనిపిస్తాయి. ఏ పనీ లేకుండానే 80 చూపిస్తే అనుమానం కూలర్ మీదే. ప్లగ్ పీకి, డబ్బా పక్క డోర్ తీయండి. ఫ్యాన్ కింద రేకుల మధ్య దుమ్ము అట్టకట్టి ఉంటుంది. మాంగనీసు గనుల ప్రాంతం మనది, దుమ్ముకేం కరువు! ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులపండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇంటెల్‌తో వచ్చే మామూలు కూలర్‌కు నాలుగు మూలలా పిన్నులుంటాయి. ఒక్కటి లేచినా కూలర్ చిప్‌కు సరిగా ఆనదు. కూలర్ ఊడదీశారా, పాత పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టాల్సిందే. సీఎస్‌ఈ చదివి స్క్రూడ్రైవర్ ముట్టనివాళ్లు మనలో బోలెడుమంది. ఇదేం బ్రహ్మవిద్య కాదండీ.

అయితే ఫ్యాన్ కూలర్ ఏదైనా గది వేడికన్నా కిందికి దించలేదు. 25 డిగ్రీల ఏసీ గదిలో 70 దగ్గరుండే చిప్, 40 డిగ్రీల రేకుల గదిలో 85 దాకా పోతుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటే పొద్దున్న స్లాట్ అడగండి. డబ్బాను గోడకు, బీరువాకు మధ్య ఇరికించకండి.