పరీక్షించు పరికరమునకు పరీక్ష

రోగమును సకాలమున గుర్తించుట చికిత్సకు మొదటి మెట్టు. కాని రక్తము, లాలాజలము మున్నగు ద్రవములలో రోగకారకముల జాడ మిక్కిలి స్వల్పముగా నుండును. దానిని విద్యుత్తు సాయమున పసికట్టు విద్యకు పునాది 1962లో పడినది. ఆ యేట అమెరికా శాస్త్రజ్ఞుడు లీలాండ్ క్లార్కు తన సహచరునితో గూడి, ఆక్సిజనును కొలుచు ఎలక్ట్రోడునకు ఎంజైమును జతపరచి గ్లూకోజును కొలువవచ్చునని తెలిపెను. నేడు మధుమేహరోగులు వ్రేలికొననుండి తీసిన రక్తపుబొట్టుతో ఇంటనే చక్కెర పాలు తెలిసికొనుచున్నారు.

పిమ్మట ఈ విద్య మరింత సూక్ష్మమైనది. మీటరును 100 కోట్ల భాగములు చేసిన అందొకటి నానోమీటరు. కొలది నానోమీటర్ల బంగారు కణములను పరికరపు పలకపై పరచినచో, రోగకారకమును పట్టుకొను ప్రతిరక్షకములు నిలుచుటకు విశేషముగా చోటు దొరకును. 2004లో హార్వర్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అతి సన్నని సిలికాను తీగపై ప్రతిరక్షకములను నిలిపిరి. ఇన్‌ఫ్లుయెంజా వైరసు ఒక్కటి వచ్చి అంటుకొనినను, దాని విద్యుదావేశముచే తీగ వాహకత మారినది.

ఇంతటి నైపుణ్యమును చూచి, ఇక ప్రయోగశాలలతో పనిలేదని కొందరు తలంతురు. అది తొందరపాటు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దల మాట. శుద్ధపరచిన పలుచని ద్రావణము పరికరమునకు ఇల్లు, రక్తమే రచ్చ. రక్తమునందలి లవణములు వైరసు ఆవేశమును తీగకు తెలియకుండ కప్పివేయును. ఇతర మాంసకృత్తులు పలకకు అతుకుకొని, లేని రోగమును ఉన్నట్లును, ఉన్నదానిని లేనట్లును చూపవచ్చును.

అట్టి తప్పునకు మూల్యము చెల్లించునది ఎవరు? పట్టణవాసి మరియొక ప్రయోగశాలలో సరిచూచుకొనగలడు. దూరపు పల్లెలోని కూలికి ఆ అవకాశము తక్కువ. ఎవరి మేలు కోరి పరికరము చేయబడినదో, వారికే దానివలన కీడు మూడును. కావున అనేకుల రక్తముతో పరీక్షించి, రూఢియైన ప్రయోగశాల ఫలితములతో సరిపోల్చిన పిదపనే దానిని అంగడికి పంపవలెను.

ఇందుచే ఆలస్యమగునందురా? ఆలస్యమును హానికరమే. అయినను క్లార్కు చూపిన మార్గమున తయారైన పరికరము సామాన్యుల ఇంటికి చేరుటకు పాతికయేండ్లు పట్టినది. ఆ ఓర్పు వ్యర్థము కాలేదు. నేటి విద్యార్థులలో రేపు ఇట్టి పరికరములను నిర్మించువారుందురు. వారు శుద్ధజలమున లభించిన విజయముతో తృప్తిపడక, రోగి రక్తపుబొట్టుచేతనే సాక్ష్యము చెప్పింపవలెను.